తుమ్మ కంప మొలిచిన భూమికి ట్రాక్టరు స్లాషర్: ఎంపిక నుంచి మొదటి కోత దాకా

అమరావతి పరిసరాల్లో పూలింగ్ (రాజధానికి జరిగిన భూ సమీకరణ) ప్లాటు ఉన్నవారికీ, నూజివీడు వైపు పాత మామిడి తోట ఉండి విజయవాడలో కాపురం పెట్టినవారికీ, గుంటూరుకు పడమట నాలుగైదు ఎకరాల మెట్ట బీడుపడినవారికీ వానాకాలం ముగిసేసరికి ఒకటే బెంగ. జూలైలో పాదం మునిగే గడ్డి కార్తీకమాసానికి నడుం దాటుతుంది. మధ్యలో వయ్యారిభామ, జిల్లేడు, వాటన్నిటినీ తోసుకుంటూ సర్కారు తుమ్మ. కొడవలి పట్టే మనుషులు దొరకరు. దొరికినా ముళ్ళకంప అనగానే మొహం చాటేస్తారు. జేసీబీని పిలిస్తే కంపతోపాటు జానెడు పైమట్టిని కూడా గీకి ఒక మూల గుట్ట పోస్తుంది.

పక్క పొలం ఆయన మాత్రం "ఒకసారి రోటావేటర్ వేయించండి, సరిపోతుంది" అంటాడు. ఆ సలహా వినకండి. రోటావేటర్ దుక్కి పనిముట్టు. తుంగ ఉన్న నేలలో దాన్ని తిప్పితే భూమిలోని గడ్డలు విడివడి చేనంతా పరుచుకుంటాయి, ఒక్కో గడ్డ ఒక్కో మొక్క అవుతుంది. గుల్లబారిన ఆ నేల వయ్యారిభామ విత్తనానికి నారుమడిలా పనికొస్తుంది. పైగా పొడవాటి గడ్డి, తీగలు రోటరు ఇరుసుకు చుట్టుకుని గంటకోసారి దిగి కత్తితో కోసుకోవాల్సి వస్తుంది. సాగు చేయకుండా శుభ్రంగా ఉంచుకోవాలనుకునే భూమికి కావలసింది నేలను కదపకుండా పైనున్నదాన్ని నరికి పడేసే యంత్రం, అంటే ట్రాక్టరు వెనక తగిలించే స్లాషర్.

దుకాణంలో మిమ్మల్ని మొదట అడిగేది "ఎన్ని అడుగులది కావాలి?" అని, అంటే కోత వెడల్పు ఎంత అని. ధర కూడా అడుగుల లెక్కనే చెబుతారు. నా దృష్టిలో అది చివర తేలాల్సిన సంగతి. నరకాల్సిన మొక్క మొదలు ఎంత మందం ఉంది, మీ ట్రాక్టరు వెనక షాఫ్టు ఎంత బలం ఇస్తుంది అన్న రెండూ తెలిస్తే అడుగుల లెక్క దానంతట అదే తేలుతుంది.

మొదట భూమి మీద నడవాలి

గమ్‌బూట్లు, పొడుగాటి కర్ర, టేపు, కొన్ని వెదురు బద్దలు, ఎర్ర గుడ్డ పీలికలు తీసుకుని ఉదయం పూట వెళ్ళండి. కర్రతో ముందు నేలను తడుతూ నడవండి. రక్తపింజరికి అలికిడి వినగానే పారిపోయే అలవాటు లేదు, అడుగు పక్కనే చుట్టుకుని పడుకుని ఉంటుంది. వయ్యారిభామ ఎక్కువగా ఉంటే మూతికి గుడ్డ, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. దాని పుప్పొడి కొందరికి ఉబ్బసాన్నీ, ఒంటి మీద దద్దుర్లనూ తెస్తుంది.

కనిపించిన వాటిలో అన్నిటికంటే లావైన మొక్కను చీలమండ ఎత్తులో కొలవండి. దర్భ, రెల్లు, తుంగ, వయ్యారిభామ, లేత తంగేడు లాంటివన్నీ బొటనవేలి మందం లోపే, అంటే రెండు రెండున్నర సెంటీమీటర్ల లోపే ఉంటాయి. వీటికి తేలికరకం స్లాషర్ చాలు. ముదురు జిల్లేడు, ఒకటి రెండేళ్ళ తుమ్మ మొక్క ఐదు సెంటీమీటర్ల దాకా వస్తాయి. వాటికి బరువైన రకం కావాలి. అంతకు మించి లావెక్కిన తుమ్మకు ట్రాక్టరు వెనక తిరిగే కత్తిని పెట్టకండి. ఐదడుగుల యంత్రం కొని మణికట్టంత తుమ్మ మొదలు మీదకు తోలితే మొదట గేర్‌బాక్సు, తరువాత ట్రాక్టరు క్లచ్చు పోతాయి.

సర్కారు తుమ్మ సంగతి ఇంకొంచెం చెప్పాలి. దాన్ని నేల మట్టానికి నరికితే చావదు. భూమికి కొద్ది కింద, వేరు మొదట్లో ఉన్న మొగ్గల నుంచి నాలుగైదు కొమ్మలుగా తిరిగి లేస్తుంది. ఏటా స్లాషర్ తిప్పుతూ పోతే ఒక మొక్క ఉన్నచోట చీపురుకట్టలా ఒక గుబురు తయారవుతుంది. రాజధాని ప్రాంతంలో ఏళ్ళ తరబడి పెరిగిన కంపను 2024లో పెద్ద యంత్రాలు పెట్టి పెకలించాల్సి వచ్చింది. మీ భూమిలో లావు తుమ్మలు పది పదిహేనే ఉంటే వాటి వరకు జేసీబీతో వేర్లతో సహా తీయించి, గుంతలు పూడ్పించి, ఆ తరువాత ఏటా పెరిగేదానికి స్లాషర్ వాడండి. ఎకరం నిండా అవే ఉంటే ఈ ఏడాది స్లాషర్ బేరం మానుకుని ఆ డబ్బు వేర్లు తీయించడానికి పెట్టండి.

నడుస్తున్నప్పుడే నేల మీద దాగి ఉన్నవాటినీ వెతకాలి. హద్దు రాళ్ళు, పాత బోరు కేసింగు గొట్టాలు, కంచె నుంచి తెగిపడిన ముళ్ళతీగ, ఎవరో పారబోసిన ఇటుక ముక్కలు, గట్టు లేని నేలబావి. హద్దు రాయి గడ్డిలో కనబడదు, కర్రకు టక్కున తగులుతుంది. చుట్టూ గడ్డిని చేత్తో కోసి, పక్కన వెదురు బద్ద పాతి ఎర్ర పీలిక కట్టండి. కత్తి తగిలి ఆ రాయి ఊడితే యంత్రం బాగుచేయించడం సులువే. సర్వేయరును పిలిపించి, పక్క ప్లాటు వారిని ఒప్పించి, మళ్ళీ రాయి పాతించడం మాత్రం నెలల పని. ముళ్ళతీగ కత్తికి చుట్టుకుంటే ఇరుసు దగ్గరి ఆయిల్ సీలును కోసేస్తుంది, తెగిన ముక్క తూటాలా ఎగురుతుంది. తీగ కనిపిస్తే చివరంటా లాగి బయట పడేయాల్సిందే.

మన నల్లరేగడి గురించి వేరే చెప్పాలా? వానల్లో ట్రాక్టరు దిగబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నేల నెర్రెలు విచ్చి స్లాషర్ వెనక ఉండే తోక చక్రం వాటిలో పడుతుంది. గడ్డి ఎండి ఉంటుంది కాబట్టి రాతికి కత్తి తగిలి లేచిన నిప్పురవ్వ చాలు, చేనంతా అంటుకోవడానికి. డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. నేల గట్టిపడి ఉంటుంది, మొక్కలో ఇంకా పచ్చి ఉంటుంది. వయ్యారిభామ ఒక్కటే ఎక్కువగా ఉన్న మెరక నేల అయితే వానల మధ్య తెరిపి చూసి పూత రాకముందే ఒక కోత వేయడం ఇంకా మంచిది. పూత వచ్చాక కోస్తే విత్తనాన్ని మీరే చల్లినట్టు.

కాలువ గట్లు, చెరువు కట్టల వాలు మీద ట్రాక్టరును అడ్డంగా తోలకండి. అక్కడికి భుజాన తగిలించుకునే బ్రష్ కట్టర్ ఉన్న మనిషిని పిలవండి.

ట్రాక్టరు వెనక్కి వెళ్ళి చూడండి

బానెట్ మీద రాసి ఉన్న హెచ్‌పీ ఇంజనుది. కత్తిని తిప్పేది ట్రాక్టరు వెనక ఉండే పీటీవో షాఫ్టు, పనిముట్లకు ఇంజను బలాన్ని అందించే ఇరుసు. అక్కడికి చేరేసరికి ఆ బలంలో 80 నుంచి 85 శాతమే మిగులుతుంది. 45 హెచ్‌పీ ట్రాక్టరు పీటీవో దగ్గర 36 నుంచి 38 ఇస్తుంది, 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరు 20 దాకా ఇస్తుంది. స్లాషర్‌కు అడుగు వెడల్పుకు ఐదు పీటీవో హెచ్‌పీ అన్నది నమ్మదగిన లెక్క. అది గడ్డికి. తుమ్మ మొలకలు, జిల్లేడు కలిసిన చోట అడుగుకు ఏడు వేసుకోండి. అంటే మినీ ట్రాక్టరు మీద గడ్డికి నాలుగడుగులు, కంపకు మూడడుగులు. 45 హెచ్‌పీ ట్రాక్టరు మీద కంపకు ఐదడుగులు.

వెడల్పుకు ఇంకో కొలత కూడా ఉంది. వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు టేపు పట్టండి. కోత వెడల్పు అంతకంటే తక్కువైతే టైరు తొక్కిన గడ్డి కత్తికి అందక పడుకుని ఉండి, వారంలో లేచి నిలబడుతుంది. బలం చాలక చిన్న యంత్రమే తీసుకోవాల్సి వస్తే దాన్ని ఒక పక్కకు జరిపి బిగించే వీలు ఉందేమో చూసి, ఆ పక్క టైరు వెనక కోత పడేలా తోలుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ మంది పట్టించుకోనిది క్లచ్చు. పాత ట్రాక్టర్లు చాలావాటికి సింగిల్ క్లచ్చు ఉంటుంది, పీటీవో బలం గేర్‌బాక్సు గుండానే వస్తుంది. స్లాషర్ కత్తులు బరువైనవి. ఒకసారి వేగం అందుకున్నాక మీరు క్లచ్చు తొక్కినా అవి తిరుగుతూనే ఉంటాయి. ఆ ఊపు షాఫ్టు గుండా వెనక్కి వచ్చి గేర్‌బాక్సును, గేర్‌బాక్సు చక్రాలను తిప్పుతుంది. క్లచ్చు తొక్కి ఉన్నా ట్రాక్టరు ముందుకు పోతుంది. ఎదురుగా గోడో, బావో ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. రోటావేటర్‌తో ఈ ఇబ్బంది రాదు, ఎందుకంటే దాని బ్లేళ్ళు మట్టిలో ఉండి వెంటనే ఆగిపోతాయి. అందుకే ఏళ్ళ తరబడి ట్రాక్టరు నడిపిన డ్రైవరు కూడా స్లాషర్ తగిలించిన మొదటి రోజు కంగారు పడతాడు. దీనికి మందు ఓవర్ రన్నింగ్ క్లచ్చు. పీటీవోకూ, యంత్రానికి వెళ్ళే షాఫ్టుకూ మధ్య పెట్టే చిన్న భాగం, బలాన్ని ఒక దిక్కునే పోనిస్తుంది. సింగిల్ క్లచ్చు ట్రాక్టరు ఉన్నవారు అది లేకుండా స్లాషర్‌ను ఇంటికి తీసుకెళ్ళవద్దు. డబుల్ క్లచ్చు, లేదా విడిగా పీటీవో క్లచ్చు ఉన్న ట్రాక్టరుకు ఈ భయం లేదు.

మిగతావి తొందరగా చూసేయవచ్చు. పనిముట్టును లేపే లిఫ్టు కింది చేతుల పిన్ను మినీ ట్రాక్టర్లకు 22 మిల్లీమీటర్లు, పెద్దవాటికి 28. యంత్రం పిన్ను అదే కొలత అయి ఉండాలి. పెద్ద రంధ్రంలో చిన్న పిన్ను వేసి తొడుగు లేకుండా నడిపితే అది కొట్టుకుని కొట్టుకుని విరుగుతుంది. యంత్రాన్ని పైకి లేపినప్పుడు ముందు చక్రాలు తేలికవుతుంటే ముందు బంపరుకు బరువులు కట్టాలి. ముందు టైర్లకు ముల్లు దిగడం ఖాయం కాబట్టి ట్యూబులో పోసే సీలెంటు ముందే పోయించుకోవడం మంచిది.

ఏ రకం?

ట్రాక్టరు వెనక లాక్కెళ్ళే గడ్డి యంత్రాలు చాలానే ఉన్నాయి కానీ ఎగుడుదిగుడు బీడుకు పనికొచ్చేవి రెండే. పశుగ్రాసం కోసే పళ్ళకత్తి యంత్రాలు, డ్రమ్ము రకాలు చదునైన మేతచేనుకు చేసినవి, రాయి తగిలితే తట్టుకోలేవు. లాన్ కోసే యంత్రాల ఊసే వద్దు. సొంత ఇంజనుతో చక్రాల మీద నడుస్తూ జీపుకో చిన్న బండికో తగిలించే రకం విదేశాల్లో వాడుక. ఇక్కడ దానికి విడిభాగాలు వెతుక్కోవడమే ఒక పని అవుతుంది.

మొదటిది రోటరీ స్లాషర్. ఇనప గొడుగు కింద నిలువు ఇరుసు, దానికి రెండు లేదా మూడు లావు కత్తులు. కట్టడం సులువు, ధర తక్కువ, లావు మొదళ్ళను కూడా నరుకుతుంది. ముక్కలు పొడుగ్గా, వరసలుగా పడతాయి. దోషం ఒకటే: రాళ్ళను దూరంగా విసురుతుంది.

రెండోది మల్చర్. అడ్డంగా తిరిగే డ్రమ్ముకు వేలాడే పదుల కొద్దీ చిన్న కత్తులు లేదా సుత్తులు ఉంటాయి. గడ్డినీ కొమ్మలనూ పిప్పి చేసి అక్కడే పరుస్తుంది, రాళ్ళు అంత దూరం ఎగరవు. కానీ బరువెక్కువ, ఖరీదెక్కువ, అదే వెడల్పుకు బలం ఎక్కువ అడుగుతుంది. ఐదడుగుల మల్చర్‌కు 45 హెచ్‌పీకి తక్కువ ట్రాక్టరు పెట్టకపోవడమే మేలు. కత్తులు అరిగితే ఒకటి కాదు, సెట్టు మొత్తం మార్చాలి. గుంటూరు, పల్నాడు పత్తి ఊళ్ళలో పత్తికట్టెను ముక్కలు చేసే ష్రెడ్డర్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. బొటనవేలి మందం దాటని కంప ఉంటే దాన్నే అద్దెకు అడిగి చూడవచ్చు.

నా సలహా ఇది: ఇళ్ళ మధ్య ఉన్న ప్లాట్లకు, రోడ్డు పక్క స్థలాలకు మల్చర్. ఊరికి దూరంగా ఉన్న బీడుకు, తోటకు స్లాషర్. మామిడి తోటలో అయితే కొమ్మల కిందికి దూరేలా ఎత్తు తక్కువ ఉన్న, పక్కకు జరిగే రకం చూడండి. ట్రాక్టరు మొదళ్ళకు దూరంగా ఉండగానే కోత కొమ్మ నీడలోకి వెళ్ళాలి.

యంత్రం ముందు నిలబడినప్పుడు

రంగు చూసి మోసపోకండి, వంగి గొడుగు కిందకు చూడండి. కత్తులు ఇరుసుకు నేరుగా బిగించి ఉన్నాయా, లావు బోల్టు మీద వేలాడుతూ ఉన్నాయా? బీడుకు వేలాడేవే కావాలి. మొద్దు తగిలితే కత్తి వెనక్కి ముడుచుకుని దెబ్బ తప్పించుకుంటుంది. ఇరుసు అడుగున బోర్లించిన పళ్ళెం లాంటి ఉక్కు బిళ్ళ ఉంటే ఇంకా మంచిది. కోసేసిన మోడు మీదుగా యంత్రం జారిపోతుంది, గేర్‌బాక్సు సీలుకు దెబ్బ తగలదు. కత్తిని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. బోల్టు దగ్గర కదలిక కొత్త యంత్రంలో చాలా కొద్దిగా ఉండాలి. గేర్‌బాక్సు ఇరుసును కూడా అలాగే ఊపండి, అక్కడ కదలిక అసలు ఉండకూడదు.

ముందూ వెనకా గొలుసుల తెర ఉందా అని చూడండి. కొందరు అమ్మకందారులు గొలుసులకు విడిగా డబ్బు అడుగుతారు. అవి లేని స్లాషర్‌ను ఊరి దరిదాపుల్లో తిప్పకూడదు. ఒకే వెడల్పు ఉన్న రెండు యంత్రాల్లో ఏది బరువైనదో అడగండి. రేకు మందం, చట్రం బలం ఆ బరువులోనే తెలుస్తాయి. పక్క అంచుల కింద అరిగిపోతే మార్చుకునే స్కిడ్లు, అంటే నేల మీద జారే పట్టీలు, ఉండాలి.

కత్తికి ఏదైనా అడ్డుపడినప్పుడు కాపాడేది షియర్ బోల్టు (ముందుగా తానే తెగిపోయేది) లేదా స్లిప్ క్లచ్చు (బలం మించితే జారేది). షియర్ బోల్టు చవక. కానీ రోజుకు నాలుగుసార్లు తెగితే విసుగొచ్చి డ్రైవరు గట్టి హైటెన్సైల్ బోల్టు వేసేస్తాడు. ఆ తరువాత తెగేది బోల్టు కాదు, గేర్‌బాక్సు పళ్ళు. కంప ఎక్కువ ఉంటే ధర కాస్త ఎక్కువైనా స్లిప్ క్లచ్చు ఉన్నదే తీసుకోండి.

పీటీవోను యంత్రానికి కలిపే షాఫ్టు కొలత దుకాణంలోనే, మీ ట్రాక్టరుకు తగిలించి చూసుకోవాలి. లిఫ్టును నెమ్మదిగా పైకీ కిందికీ కదపండి. షాఫ్టు పూర్తిగా ముడుచుకున్న చోట కూడా రెండు గొట్టాల మధ్య ఇంకో రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. లేకపోతే అది పీటీవోను ట్రాక్టరులోకి నెట్టి బేరింగులను చంపుతుంది. సాగినప్పుడు ఒక గొట్టం ఇంకోదానిలో మూడో వంతుకు తగ్గకుండా ఉండాలి. పొడవైతే రెండు వైపులా సమానంగా కోయించి, అంచుల గరుకు తీయించండి. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగును అడ్డమని పీకేసే అలవాటు మన దగ్గర ఉంది. భుజం మీద తువ్వాలు వేలాడే మనిషి పక్కన నిమిషానికి 540 సార్లు తిరిగే ఇనప కడ్డీ అది. తొడుగు ఉండాలి, తువ్వాలు ఇంటి దగ్గర ఉండాలి.

కొనాలా, అద్దెకా?

గడ్డిలో మొదటి గేరులో గంటకు మూడు కిలోమీటర్లు నడిస్తే ఐదడుగుల యంత్రం కాగితం మీద గంటకు ఎకరం పైచిలుకు కోస్తుంది. మలుపులు, ఆగడాలు తీసేస్తే ముప్పావు ఎకరం. కంపలో అరెకరం అనుకోండి. ఏడాదికి రెండు కోతల చొప్పున మీ భూమికి ఎన్ని గంటలు పడతాయో వేసుకుని, మీ ఊళ్ళో గంట అద్దెతో హెచ్చించండి. నాలుగైదేళ్ళ అద్దె కొత్త యంత్రం ధరను దాటకపోతే కొనకండి. ఎకరం, రెండెకరాల ప్లాటుకు కొనడం వృథా. నలుగురు ప్లాటుదారులు కలిసి ఒకేరోజు అద్దెకు పెట్టుకుంటే డ్రైవరుకూ గిట్టుతుంది, మీకూ గిట్టుతుంది.

కొనేవారు ముందు రైతు సేవా కేంద్రంలో అడగండి. కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద రాయితీ ఉన్న పనిముట్ల జాబితా అక్కడే తెలుస్తుంది. రాయితీ రాకున్నా, యంత్రానికి బుద్నీ, గార్లదిన్నె లాంటి ప్రభుత్వ పరీక్షా కేంద్రాల నివేదిక ఉందా అని అడగడం మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి గడ్డి కోత యంత్రాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ధర చీటీలో పాత లెక్క వేశారేమో చూసుకోండి. పాత యంత్రం కొనేవారికి విజయవాడ ఆటోనగర్ లాంటి చోటు దగ్గర్లో ఉండటం అదృష్టమే. షాఫ్టు కీళ్ళలోని క్రాసులు, బేరింగులు, సీళ్ళు మార్చి, కత్తులు సాన పట్టించుకోవచ్చు. గేర్‌బాక్సు పెంకు పగిలి అతుకు వేసిన దాన్ని మాత్రం ఎంత చవకైనా వదిలేయండి.

మొదటి కోత

గేర్‌బాక్సులో నూనె ఉందో లేదో చూడండి. కొన్నిచోట్ల నూనె పోయకుండానే అప్పగిస్తారు. 90 నంబరు గేర్ ఆయిల్‌ను మట్టం చూపే మర దాకా పోసి, ప్రతి గ్రీజు నిప్పుల్‌కు గ్రీజు కొట్టండి. లిఫ్టు పొజిషన్ కంట్రోలులో, అంటే పెట్టిన ఎత్తులో నిలిచే పద్ధతిలో, ఉండాలి. చుట్టూ వంద మీటర్ల దూరంలో మనుషులు, గేదెలు, ఆగి ఉన్న కార్లు లేకుండా చూసుకోండి.

ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడే పీటీవో వేసి, ఆపై 540 గుర్తు దాకా వేగం పెంచండి. మొదటి కోత ఎత్తుగా, జానెడు మీద వేయండి. దాగి ఉన్న మొద్దులు, రాళ్ళు అప్పుడు బయటపడతాయి. రెండో కోత పది సెంటీమీటర్లకు దించి, ఎదురు దిక్కు నుంచి తోలండి. యంత్రం బరువు లిఫ్టు మీద కాకుండా స్కిడ్ల మీద, తోక చక్రం మీద నడవాలి, ముందు అంచు వెనక అంచుకంటే కొద్దిగా కిందికి ఉండాలి.

డీజిలు మిగులుతుందని డ్రైవర్లు యాక్సిలరేటర్ తగ్గించి పై గేరులో లాగుతారు. కత్తి వేగం తగ్గితే గడ్డి తెగదు, నలిగి పడుకుంటుంది, కంప తగిలినచోట యంత్రం ఆగిపోతుంది. ఇంజను వేగం తగ్గించకుండా గేరు తగ్గించమని ముందే చెప్పండి. అరగంటకోసారి ఆగి రేడియేటర్ జాలీ చూడండి. రెల్లు దూది, గడ్డి గింజలు దాన్ని దుప్పటి కప్పినట్టు మూసేస్తాయి, వేడి ముల్లు పైకి లేచేది అందుకే. జాలీ తుడవడానికి దిగేముందు పీటీవో తీసి, ఇంజను ఆపి, కత్తి పూర్తిగా ఆగేదాకా సీటులోనే కూర్చోండి. యంత్రం కిందికి చేయి పెట్టాల్సి వస్తే లిఫ్టును నమ్మకుండా దుంగ అడ్డుపెట్టండి.

మొదటి గంట తరువాత కత్తి బోల్టులన్నీ మళ్ళీ బిగించాలి. కొత్త యంత్రంలో అవి తప్పకుండా వదులవుతాయి. కత్తులను సాన పట్టించేటప్పుడు బ్లేడులా పదును చేయించవద్దు, రాయి తగిలితే అంచు విరుగుతుంది. జతలో రెండు కత్తుల బరువూ ఒకటే ఉండాలి, లేకపోతే అదురు మొదలై గేర్‌బాక్సు బేరింగు పోతుంది. స్లిప్ క్లచ్చు వానాకాలం తుప్పుతో అంటుకుపోతుంది. అందుకే సీజను మొదట్లో స్ప్రింగులు కొద్దిగా వదులు చేసి, రెండు మూడు క్షణాలు జారనిచ్చి, తిరిగి కంపెనీ చెప్పిన కొలతకు బిగించాలి.

కోసిన మూడు నాలుగు వారాలకు తుమ్మ మోళ్ళ నుంచి లేత చిగుళ్ళు లేస్తాయి. చుట్టూ గడ్డి పొట్టిగా ఉంటుంది కాబట్టి దూరం నుంచే కనబడతాయి. అప్పుడు ఒక మనిషిని పెట్టి, ఒక్కో మోడునూ గునపంతో జానెడు లోతున వేరుతో సహా తీయించండి.